రెండు లోహాలు తాకినప్పుడు వేడి దేన్ని బట్టి పంపకమవుతుంది?

మరుగుతున్న నీటి ఆవిరిలో ఉంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చిన 200 గ్రాముల రాగి దిమ్మెను, 20 డిగ్రీల దగ్గర ఉన్న 200 గ్రాముల అల్యూమినియం దిమ్మెకు ఆనించి, బయటి గాలి తగలకుండా చుట్టూ థర్మకోల్ కప్పి ఉంచితే, కొంతసేపటికి ఆ రెండూ ఏ ఉష్ణోగ్రత దగ్గర నిలుస్తాయి? హైస్కూలు పిల్లలను అడిగినా, చదువు ముగించి చాలాకాలమైన పెద్దలను అడిగినా ఎక్కువగా వినిపించే సమాధానం 60. బరువులు సమానం కాబట్టి రెండు ఉష్ణోగ్రతల సగటు తీస్తే సరిపోతుందన్నది ఆ సమాధానం వెనుక ఉన్న ఆలోచన. నిజానికి ఆ దిమ్మెలు 44 డిగ్రీల దగ్గర ఆగుతాయి. రాగి 56 డిగ్రీలు దిగితే అల్యూమినియం 24 డిగ్రీలు మాత్రమే ఎక్కుతుంది. తారుమారు చేసి, అల్యూమినియాన్ని 100 డిగ్రీలకు వేడిచేసి, రాగిని 20 దగ్గర ఉంచితే రెండూ 76 దగ్గర కలుస్తాయి. బరువులు అవే, మొదలుపెట్టిన ఉష్ణోగ్రతలూ అవే. ఏది వేడిగా ఉంది, ఏది చల్లగా ఉంది అన్నది ఒక్కటే మారింది. అయినా ఫలితంలో 32 డిగ్రీల తేడా వచ్చింది.

భౌతికశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన ప్రశ్నల్లో ఇది ఒకటి. వంటింటి పెనం దగ్గర మొదలుపెట్టి పరమాణువు దాకా తిన్నగా తీసుకువెళ్లే ప్రశ్నలు బడి పాఠాల్లో ఎన్నో లేవు. అయినా దీన్ని ఒక సూత్రంగా రాయించి, రెండు లెక్కలు చేయించి వదిలేయడమే ఎక్కువగా జరుగుతోంది. అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఉష్ణోగ్రతను, ఉష్ణాన్ని విడదీసి చూడాలి. రెండు వస్తువులు తాకినప్పుడు వేడి ఎటునుంచి ఎటు ప్రవహిస్తుందో ఉష్ణోగ్రత చెబుతుంది. ఎంత ప్రవహిస్తుందో మాత్రం చెప్పదు. బయటికి ఏమీ పోకుండా చూసుకున్నప్పుడు వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణం, చల్లని వస్తువు గ్రహించిన ఉష్ణం సమానమవుతాయి. సమానమయ్యేది ఉష్ణమే తప్ప డిగ్రీలు కావు, పొరపాటంతా ఇక్కడే జరుగుతుంది. ఒక గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణమే దాని విశిష్టోష్ణం. ఉష్ణాన్ని జౌళ్లలో కొలిస్తే, గది ఉష్ణోగ్రత దగ్గర అల్యూమినియానికి ఇది సుమారు 0.90 జౌళ్లు, ఇనుముకు 0.45, రాగికి 0.385, వెండికి 0.235, బంగారానికీ సీసానికీ 0.13. నీటికి మాత్రం 4.18. దీన్ని ద్రవ్యరాశితో గుణిస్తే ఆ వస్తువు మొత్తాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత ఉష్ణం కావాలో తెలుస్తుంది. పైన చెప్పిన రాగి దిమ్మెకు ఆ లబ్ధం 77 జౌళ్లు, అల్యూమినియం దిమ్మెకు దాదాపు 180. రాగి 56 డిగ్రీలు దిగుతూ వదిలిన సుమారు 4,310 జౌళ్లతో అల్యూమినియం 24 డిగ్రీలకు మించి ఎక్కలేదు. ఆ రెండూ సరిగ్గా 60 దగ్గర కలవాలంటే రాగి దిమ్మె బరువును 200 గ్రాముల నుంచి దాదాపు 466 గ్రాములకు పెంచాలి.

ద్రవ్యరాశి ప్రభావం ఒక శీర్షిక కిందా, విశిష్టోష్ణం ప్రభావం మరొక శీర్షిక కిందా విడివిడిగా చెప్పడం నాకు సమ్మతం కాదు. విడిగా చెబితే అవి రెండు వేర్వేరు కారణాలని పిల్లల మనసులో నాటుకుపోతుంది. తాకి ఉన్న లోహాలకు సంబంధించినంతవరకు వాటి లబ్ధం ఒక్కటే లెక్కలోకి వస్తుంది. సగం విశిష్టోష్ణం ఉన్న లోహాన్ని రెట్టింపు బరువులో తీసుకుంటే, చివరి ఉష్ణోగ్రతను మాత్రమే చూసేవారికి ఆ రెండు లోహాల మధ్య ఏ తేడా కనిపించదు.

ఇంత చిన్న విషయం తేలడానికి 18వ శతాబ్దంలో చాలాకాలం పట్టింది. వేడి పంపకం దేన్ని బట్టి జరుగుతుంది అన్నది అప్పటి ప్రశ్న. హాలండ్‌లోని లైడెన్‌లో వైద్యం, రసాయనశాస్త్రం బోధించిన బోయర్‌హావ్, అది వస్తువు ఆక్రమించే చోటును బట్టి, అంటే ఘనపరిమాణాన్ని బట్టి జరుగుతుందని నమ్మాడు. బరువును బట్టి జరుగుతుందని మరికొందరు భావించేవారు. థర్మామీటరుతో పేరు తెచ్చుకున్న ఫారన్‌హీట్, బోయర్‌హావ్ కోరిక మేరకు నీటిని, పాదరసాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కలిపి చూశాడు. సమానమైన ఘనపరిమాణాలు తీసుకుంటే సగటు రాలేదు. 2 భాగాల నీటికి 3 భాగాల పాదరసం తీసుకున్నప్పుడు వచ్చింది. పాదరసం నీటికి 13 రెట్లకు పైగా బరువైనది కాబట్టి, బరువే ప్రమాణమైతే పాదరసం నీటిని పూర్తిగా తన వైపు లాగాలి, అదీ జరగలేదు. రెండు ప్రమాణాలూ విఫలమైన ఫలితం ఎదురుగా ఉన్నప్పటికీ బోయర్‌హావ్ తన అభిప్రాయాన్ని వదులుకోలేదు.

ఆ ఫలితాన్ని దాని అర్థంతో సహా చదివినవాడు గ్లాస్గోలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్. 1760 ప్రాంతంలో ఆయన చేసిన ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. పాదరసం అంత బరువుండి కూడా తక్కువ వేడితోనే వేడెక్కుతోందంటే, వేడిని గ్రహించే సామర్థ్యం బరువును గానీ పరిమాణాన్ని గానీ అనుసరించడం లేదు. అది ఆయా పదార్థానికి సొంతమైన గుణం, ప్రయోగం చేసి కొలిస్తే తప్ప తెలియదు. బ్లాక్ ఈ విషయాన్ని తరగతి గదిలో చెప్పాడే గాని అచ్చు వేయించలేదు. ఆయన 1799లో మరణించాక, 1803లో ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. ఈలోగా స్వీడన్‌లో యోహాన్ విల్కే స్వతంత్రంగా ఇదే మాటకు చేరుకుని 1781లో ప్రచురించాడు.

బరువు, పరిమాణం అన్న ఆ పాత తగవు ఇప్పటికీ మన ఇళ్లలో మరో రూపంలో నడుస్తూనే ఉంది. ఇనుప పెనం వేడిని బాగా పట్టి ఉంచుతుందని, అల్యూమినియం పెనం ఇట్టే చల్లారిపోతుందని అందరం అంటాం. అనుభవంగా అది నిజమే. అయితే గ్రాముకు గ్రాము చూస్తే అల్యూమినియం ఇనుముకు రెట్టింపు వేడిని పట్టుకుంటుంది. ఒకే కొలతలతో చేసిన రెండు పెనాలను పక్కపక్కన పెడితే లెక్క తిరగబడుతుంది. ఒక ఘన సెంటీమీటరు ఇనుము బరువు 7.87 గ్రాములు కాబట్టి దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 3.5 జౌళ్లు కావాలి. ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములే కాబట్టి దానికి 2.4 జౌళ్లు చాలు. రాగి దాదాపు ఇనుముతో సమానంగా 3.45 దగ్గర ఉంటుంది. చేతికి అంత బరువుగా తగిలే సీసం అన్నిటికంటే వెనకబడి 1.45 దగ్గరే ఆగిపోతుంది.

పెనం సంగతి కొంచెం వివరంగా చూద్దాం. 2 కిలోల ఇనుప పెనానికి డిగ్రీకి 900 జౌళ్లు కావాలి. 600 గ్రాముల పలుచని అల్యూమినియం పెనానికి 540 చాలు. 30 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు తేవడానికి మొదటిదానికి సుమారు 1,53,000 జౌళ్లు, రెండోదానికి 92,000 జౌళ్లు పడతాయి. అందుకే మొదటి దోసె వేసేముందు ఇనుప పెనం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఆగినందుకు ప్రతిఫలం పిండి వేశాక దక్కుతుంది. గరిటెడు పిండి 80 గ్రాములు, అందులో అధికభాగం నీరు కాబట్టి దాన్ని డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 280 జౌళ్లు కావాలనుకుందాం. మంట అందించే వేడిని, ఆవిరయ్యే నీటిని పక్కనపెట్టి, పెనానికీ పిండికీ మధ్య జరిగే పంపకాన్ని మాత్రమే లెక్కిస్తే, 200 డిగ్రీల ఇనుప పెనం 160 దగ్గర నిలుస్తుంది, అల్యూమినియం పెనం 142కు పడిపోతుంది. దోసెకు దోసెకు మధ్య పెనం మీద నీళ్లు చిలకరించి తుడిచే అలవాటు కూడా ఇదే లెక్కకు లోబడుతుంది. 5 గ్రాముల నీరు వేడెక్కి ఆవిరైపోవడానికి సుమారు 12,800 జౌళ్లు తీసుకుంటుంది. దానితో ఇనుప పెనం 14 డిగ్రీలు చల్లబడితే అల్యూమినియం పెనం 24 డిగ్రీలు చల్లబడుతుంది. నీళ్లు ఎక్కువ పడితే తరువాతి దోసె అంటుకుపోయేది ఏ పెనం మీదో వంట చేసేవారికి చెప్పనక్కరలేదు.

మంచి దోసె ఘనత ఇనుము అనే లోహానిదని అనడం అందుకే పూర్తిగా సరికాదు. దానిలో ఎక్కువ వాటా పెనం బరువుది. అల్యూమినియంతోనే 1 కిలో బరువుండే మందపాటి పెనం పోస్తే, ఉష్ణాన్ని పట్టుకునే విషయంలో అది 2 కిలోల ఇనుప పెనానికి సమానమవుతుంది.

ఇక ప్రయోగశాలకు వద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి చదివినవారిలో చాలామందికి సీసపు గుండ్లతో చేసే మిశ్రమాల పద్ధతి ప్రయోగం గుర్తుండే ఉంటుంది. కెలోరీమీటరులో, అంటే వేడిని కొలవడానికి వాడే పాత్రలో, నీరు పోసి తూచి, గుండ్లను స్టీమ్ హీటరులో 100 డిగ్రీలకు వేడిచేసి, నీటిలో వేసి, కలిపి, చివరి ఉష్ణోగ్రత చూస్తారు. ఆ పాఠంలో లెక్కలు జౌళ్లలో కాక కెలోరీల్లో (1 కెలోరీ అంటే సుమారు 4.18 జౌళ్లు) ఉండేవి: నీటికి 1, అల్యూమినియానికి 0.21, ఇనుముకు 0.115, రాగికి 0.095, సీసానికి 0.031. ఈ అంకెలు నోట్సులో ఉన్నంతకాలం బరువులేని అంకెలే. నీటిలో లోహం పడ్డాక థర్మామీటరు చూసినప్పుడు వాటికి ప్రాణం వస్తుంది. 30 డిగ్రీల 100 గ్రాముల నీటిలో 100 డిగ్రీల లోహాన్ని 100 గ్రాములు వేస్తే, అల్యూమినియం నీటిని 12 డిగ్రీలు పెంచుతుంది. ఇనుము 7, రాగి 6, సీసం 2 డిగ్రీలు మాత్రమే పెంచుతాయి. కెలోరీమీటరు తీసుకునే వాటాను కూడా లెక్కిస్తే ఇవి ఇంకొంచెం తగ్గుతాయి.

ఈ ప్రయోగంలో గుండ్లను తిన్నగా మరిగే నీటిలో వేయకుండా స్టీమ్ హీటరులో పొడిగా ఎందుకు వేడిచేస్తారో పిల్లలకు తప్పకుండా చెప్పాలని నా అభిప్రాయం. మరిగే నీటిలోంచి తీసిన గుండ్లకు నీటి పొర అంటుకుని వస్తుంది. చూడటానికి అది ఏపాటిది అనిపిస్తుంది. కానీ 1 గ్రాము నీరు వేడి విషయంలో 32 గ్రాముల సీసంతో సమానం. 100 గ్రాముల గుండ్లతోపాటు 2 గ్రాముల మరిగే నీరు వచ్చిందంటే మనకు తెలియకుండా మరో 64 గ్రాముల సీసం కలిసినట్లే. 2.1 డిగ్రీలు పెరగవలసిన నీరు 3.4 డిగ్రీలు పెరుగుతుంది. లెక్కగట్టిన విశిష్టోష్ణం 0.031కి బదులు 0.05 దాటుతుంది. అంతే నీరు అల్యూమినియం ముక్కకు అంటుకుని వస్తే పెరుగుదల 12.1కి బదులు 13.1 అవుతుంది, అంటే తప్పు 8 శాతం దగ్గరే ఉంటుంది. లోహపు విశిష్టోష్ణం ఎంత తక్కువైతే దాన్ని కొలిచేవారు అంత జాగ్రత్తగా ఉండాలి. సీసంతో ప్రయోగం పెట్టినవారు ఈ కష్టాన్ని ఉద్దేశపూర్వకంగా ఎంచుకున్నారో లేదో గాని, చేతి పని నేర్పడానికి ఇంతకంటే మంచి లోహం మరొకటి దొరకదు.

గుండ్లను నీటిలోకి జార్చే క్షణం కూడా అంతే ముఖ్యం. స్టీమ్ హీటరు నుంచి కెలోరీమీటరుకు చేరేలోపు గాలిలో గడిచే ప్రతి సెకనులోనూ లోహం కొంత వేడిని వదులుతుంది. డిగ్రీకి తక్కువ జౌళ్లు పట్టుకునే లోహం అదే నష్టానికి ఎక్కువ డిగ్రీలు దిగుతుంది కాబట్టి, ఇక్కడా నష్టపోయేది సీసమే. నీటి చుక్క వల్ల వచ్చే తప్పు విలువను పెంచితే ఈ తప్పు దాన్ని తగ్గిస్తుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు రావడం కూడా జరుగుతుంది. అటువంటి సరైన జవాబుకు మార్కులు వేయడం నాకు ఇష్టముండదు.

మరొక చిక్కును కూడా ఇక్కడే విడదీయాలి. ఒక లోహం ఎంత త్వరగా వేడెక్కుతుంది అన్నది, ఎంత వేడి తీసుకుంటుంది అన్నదానితో తరచూ కలిసిపోతుంది. రాగి చెంచా పిడి త్వరగా కాలడానికి ప్రధాన కారణం దాని విశిష్టోష్ణం తక్కువ కావడం కాదు. అది మంచి ఉష్ణవాహకం కావడం. సీసపు విశిష్టోష్ణం రాగి దానిలో మూడో వంతే అయినా, వాహకతలో సీసం రాగికి పదో వంతు కంటే తక్కువ కాబట్టి సీసపు కడ్డీలో వేడి నెమ్మదిగానే పాకుతుంది. వాహకత ప్రయాణ వేగాన్ని నిర్ణయిస్తుంది, ద్రవ్యరాశి విశిష్టోష్ణాల లబ్ధం గమ్యాన్ని నిర్ణయిస్తుంది. రెండు దిమ్మెల మధ్య పలుచని కాగితం పెట్టినా, అవి కలిసే ఉష్ణోగ్రత మారదు. అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. అల్యూమినియానికి 0.90, సీసానికి 0.13 అని ఎవరు నిర్ణయించారు? బ్లాక్ దీన్ని పదార్థపు సొంత గుణం అని చెప్పి ఆగాడు. 1819లో పారిస్‌లో దులాంగ్, పెటీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విశిష్టోష్ణాలను పరమాణు భారాలతో గుణించి చూసినప్పుడు, ఒకదానితో ఒకటి పొసగని అంకెలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. ఇప్పటి విలువలతో గుణిస్తే అల్యూమినియానికి 24.2, రాగికి 24.5, ఇనుముకు 25.1, వెండికీ బంగారానికీ 25.4, సీసానికి 26.5 వస్తాయి. పరమాణు భారమంత గ్రాములు తీసుకుంటే ఏ లోహంలోనైనా పరమాణువుల సంఖ్య ఒకటే. అంటే ఒక్కో పరమాణువు తీసుకునే వేడి అన్ని లోహాలలోనూ దాదాపు సమానం. బంతిలో వడ్డించేవారు కూర్చున్నవారి బరువు చూడకుండా విస్తరికి ఇంత అని వడ్డించినట్లు, వేడి కూడా పరమాణువు బరువు చూడకుండా ఒక్కొక్కదానికి ఒకే వాటా ఇస్తుంది. ఘనపదార్థంలో ప్రతి పరమాణువూ తన చోట తాను కంపిస్తూ ఉంటుంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర బరువైన సీసపు పరమాణువు మెల్లగా, తేలికైన అల్యూమినియం పరమాణువు వేగంగా కంపించినా, వాటి సగటు శక్తి సమానంగానే ఉంటుంది.

ఈ దృష్టితో చూస్తే పైన వచ్చిన అంకెలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. 1 గ్రాము అల్యూమినియంలో, 1 గ్రాము రాగిలో ఉన్నవాటికి 2.35 రెట్లు పరమాణువులుంటాయి. వాటి విశిష్టోష్ణాల నిష్పత్తి 2.33. ఒక ఘన సెంటీమీటరు ఇనుములోనూ ఒక ఘన సెంటీమీటరు రాగిలోనూ పరమాణువులు దాదాపు సమానం. అందుకే సమాన పరిమాణాలు తీసుకున్నప్పుడు ఆ రెండూ సరిసమానంగా నిలిచాయి. సీసపు పరమాణువులు పెద్దవి కాబట్టి ఘన సెంటీమీటరులో పట్టేవి తక్కువ, పట్టే వేడీ తక్కువ. ఇత్తడిలో ఉండే రాగి, జింకు పరమాణు భారాలు 63.5, 65.4 కాబట్టి ఇత్తడి విశిష్టోష్ణం రాగి దానికి అతి దగ్గరగా ఉంటుంది; బరువైన తగరం కలిసిన కంచుకు అది కొంత తగ్గుతుంది. ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతో గుణించినప్పుడల్లా, మనకు తెలియకుండానే ఆ వస్తువులోని పరమాణువులను లెక్కపెడుతున్నాం. నాకు ఈ విషయం మొదట తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. తక్కెడ, థర్మామీటరు తప్ప మరేమీ లేని మనిషి, కంటికి కనిపించని పరమాణువుల సంఖ్యలను పోల్చగలిగాడు. పరమాణువులు నిజంగా ఉన్నాయా అన్న వాదన ఇంకా నడుస్తున్న రోజుల్లోనే రసాయన శాస్త్రవేత్తలు ఈ నియమాన్ని ఆసరాగా చేసుకుని, అప్పటికి తప్పుగా అనుకుంటున్న కొన్ని పరమాణు భారాలను సరిచేసుకున్నారు.

అయితే ఈ సమాన పంపకానికి హద్దులున్నాయి. బెరీలియం అనే తేలిక లోహానికి గది ఉష్ణోగ్రత దగ్గర విశిష్టోష్ణం, పరమాణు భారాల లబ్ధం 16 దాకానే వస్తుంది. చలి పెరిగేకొద్దీ మిగిలిన లోహాలూ అదే దారి పడతాయి. పరమాణువు కంపనం తనకు తోచినంత శక్తిని తీసుకోలేదని, నిర్ణీతమైన మోతాదుల్లోనే తీసుకోగలదని 1907లో ఐన్‌స్టీన్ దీన్ని వివరించాడు. బిగువైన బంధాలూ తేలికైన పరమాణువులూ ఉన్న పదార్థాల్లో కంపనాలు వేగంగా ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ మోతాదు పెద్దదవుతుంది. చుట్టూ ఉన్న వేడి ఆ మోతాదుకు చాలనప్పుడు పరమాణువు తన పూర్తి వాటాను అందుకోలేదు. ద్రవ నైట్రోజన్ మరిగే మైనస్ 196 డిగ్రీల దగ్గర అల్యూమినియం విశిష్టోష్ణం గది ఉష్ణోగ్రత దగ్గర ఉన్నదానిలో సగానికంటే కిందికి దిగిపోతుంది. మెత్తని, బరువైన సీసానిది మాత్రం అక్కడ కూడా కొద్దిగానే తగ్గుతుంది. అందువల్ల అతిశీతల పరికరాలు తయారుచేసేవారు ఒక లోహానికి ఒకే విశిష్టోష్ణం అనుకుని గుణకారం చేయరు. గది ఉష్ణోగ్రత నుంచి తమకు కావలసిన చలి వరకు ఉన్న దూరాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు దగ్గర ఆ లోహానికి ఉన్న విలువను తీసుకుని, అన్నిటినీ కూడి, ఎంత ద్రవ నైట్రోజన్ ఖర్చవుతుందో తేల్చుకుంటారు.